మొసలి దాయాది మా ఇంటికొచ్చిన రోజు

మా ఇంట్లో డిగ్రీ చదివినోణ్ణి నేనే మొదలు. మీ వాడి ఉద్యోగమేందని ఎవురన్నా అడిగితే, ఎముకలు తవ్వతాడని చెప్పలేక, గవర్నమెంటు పనిలే అని దాటేసేది అమ్మ.

అందుకే పందొమ్మిది వందల అరవైల్లో ఆ ఎండాకాలం ఇందుకూరుపేటలో బస్సు దిగి, ఇంటికి పరుగులాంటి నడక నడిచినాను. కొత్త జంతువుని కనిపెట్టినామని బస్సులో పక్కనోడికీ కండక్టరుకీ అప్పటికే చెప్పేసినా. చంకలో తెల్లగుడ్డ మూట. గోదావరి అవతల ఎర్రమట్టిలో మేం తవ్వి తీసిన జంతువు మూతికి ప్లాస్టరుతో పోసిన అచ్చు అది. మనిషనేవాడు పుట్టకముందు తిరిగిన జంతువు, మొసలికి దాయాది. ఇంతకుముందు లోకంలో ఎవురికీ తెలియని జాతని అప్పుడే తేలింది. దాని వివరమంతా రాసి పేరు పెట్టింది మా పెద్దసారూ నేనూ. అమ్మ దాన్ని ఒక్కసారి చేతుల్లోకి తీసుకుని చూస్తే చాలు, నా పనేందో తెలుస్తుందనుకున్నా.

అమ్మ గడప కాడే ఆపేసింది. ఎముకలు ఎవురన్నా ఇంట్లోకి తెస్తారా అని, మూటని కొట్టంలో దూలానికి కట్టించి, నన్ను బావి కాడికి తోలింది. ఎముక కాదు, అచ్చని ఎంత మొత్తుకున్నా వినలా.

నేను తల తుడుచుకుంటా వచ్చేసరికి ఎదురింటి పెద్దమ్మ కొట్టంలో మూటని చూసి, అరుగు మీద కూలబడి ఏడస్తా ఉంది. మా పక్క అస్థికల్ని నీళ్ళలో కలిపిందాకా అట్టానే ఇంటి బయట కడతారు. పైగా నా తల తడిగా ఉందాయె. మనుబోలులో ఆమధ్య జబ్బుపడి లేచిన మా మేనమామ పోయినాడనుకుంది పాపం.

"మా అన్న గుండ్రాయల్లే ఉండాడు," అనింది అమ్మ. "పోయింది మొసలి దాయాది. మా వాడు కనిపెట్టినాడు."

"మీకేమవతాడమ్మా?" అనింది పెద్దమ్మ ముక్కు చీదుకుంటా.

ఇంక చెప్పి లాభం లేదని అమ్మే పోయి మూట విప్పుకొచ్చింది.

"మొసలికి ముక్కు కంతలు మూతి చివర ఉంటాయి. దీనికి చూడు, కళ్ళ కాడికి పోయినాయి," అనింది పెద్దమ్మకి చూపిస్తా.

నేను బావి కాడ నీళ్ళు పోసుకుంటా అరిచిందంతా అమ్మ వినిందే!

అంతలోకి పక్కిళ్ళోళ్ళు కూడా పరామర్శకి వచ్చినారు. పెద్దమ్మ పట్టుకోబోతే అమ్మ ఇవ్వలా, ఒళ్ళో పెట్టుకుంది. ఆ పళ్ళు చేపల్ని ఎట్టా పట్టేవో చెబ్దామని నేను చెయ్యి చాపినా.

"నువ్వు పోయి అన్నం తిను అబ్బయా," అనింది. "వీళ్ళకి నేను చెప్తాలే."