కూర చేపకి ఒక క్లాజు

ఉదయం ఆరూ ఇరవైకి తెనాలిలో రేపల్లె రైలు కదిలింది. కిటికీ పక్కన నేను, ఎదురుగా మా జూనియరు. బాపట్ల నుంచి ముందు రోజే వచ్చి మా ఇంట్లో పడుకుంది. జూనియరంటే వయసులో కాదు. చాలా ఏళ్లు బళ్లో లెక్కలు చెప్పి, ఆ ఉద్యోగం మానేసి లా చదివిన మనిషి. ఒళ్లో ల్యాప్‌టాప్, దాని మీద ఇడ్లీ పొట్లం.

క్లయింటు ఉన్న చోటికి నేను వెళ్లడం అదే మొదటిసారి. మా ఆఫీసు నేనూ మా ఆయనా కలిసి పెట్టుకున్నది. కోర్టులో ఆయన మాట్లాడేవారు. దస్తావేజులూ ఒప్పందాలూ లోపల గదిలో కూర్చుని నేను రాసేదాన్ని. లాయరు క్లయింటు గుమ్మం ఎక్కకూడదని ఆయన నియమం. అలా వెళితే పని అడుక్కున్నట్టు ఉంటుందనేవారు. ఆయన పోయి అప్పటికి ఏడాది కాలేదు.

ఆ నియమం తప్పని నేను అనను. ఆ రోజుల్లో జనం తగాదా పడ్డాకే మా దగ్గరికి వచ్చేవారు. గట్టు జరిగిందనో, వాటా తగ్గిందనో. తగాదా పడ్డ మనిషి బెంచీ మీద ఎంతసేపైనా కూర్చుంటాడు. ఇప్పటివాళ్లు తగాదా రాకముందే వస్తున్నారు. దుగ్గిరాలలో పసుపుకి కోల్డ్ స్టోరేజీ కట్టేవాళ్లు, బాపట్ల వైపు రొయ్య పిల్లల హేచరీలు పెట్టేవాళ్లు ఒప్పందం ఫోన్లో పంపి, సాయంత్రానికల్లా చదివి చెప్పమంటారు. రెండు రోజులు ఆగమంటే విజయవాడ వెళ్లిపోతారు. కొందరు వెళ్లిపోయారు కూడా.

"ఇలాగే కూర్చుంటే చివరికి మనకి ఆ బెంచీ ఒక్కటే మిగులుద్దండి," అంది మా జూనియరు.

అందుకే ఈ ప్రయాణం. రేపల్లె అవతల హార్బరులో రెండు బోట్లున్న ఒకావిడ, ఇంకొందరు బోటు యజమానుల తరఫున కూడా మాకు ఫోన్ చేసింది. విశాఖలో ఒక కంపెనీ వాళ్ల సరుకు ఏడాది పొడుగునా కొంటానంటోంది. ఐసు కూడా తనే ఇస్తుంది. కాగితం ఇంగ్లీషులో ఉంది. ఆ రోజు సాయంత్రంలోగా సంతకాలు కాకపోతే ఇంకో రేవు చూసుకుంటామన్నారు కంపెనీవాళ్లు. ఈ ఒప్పందం కుదరకపోతే ఆవిడ రెండో బోటు అమ్మేయాల్సిందే. తెనాలి రమ్మని అడిగాను. వేట నుంచి బోట్లు వచ్చే రోజున రేవు వదిలి రాలేనంది.

వలలు బాగుచేసుకునే రేకుల షెడ్డులో మాకు ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. ఆవిడ నేల మీదే కూర్చుంది, చుట్టూ బోటు మనుషులు. నేను ఒక్కో క్లాజు చదివి తెలుగులో చెబుతున్నాను. ఐసు ఆలస్యమైతే నష్టం ఎవరిది, తూకం ఎవరి కాటా మీద అని వాళ్లు ఆపి ఆపి అడుగుతున్నారు. లోపల గదిలో ఇన్నేళ్లు రాసిన ఒప్పందాల్లో ఒక్కదాన్నీ నేను ఇలా వినలేదు. గొంతు ఆరిపోతున్నా ఆపబుద్ధి కాలేదు.

నాలుగో పేజీలో ఒక వాక్యం వచ్చింది. బోటు పట్టిన వేట మొత్తం కంపెనీకే చేరాలి, బయటికి ఏది వెళ్లినా ఒప్పందం రద్దు.

వెనక నుంచి ఒకాయన అన్నాడు: "అయితే కూర చేప కూడా వాళ్లదేనా అమ్మగారూ? మా పిల్లి తింటే పిల్లి మీద కేసు పెడతారా ఏంటి?"

అందరూ నవ్వారు, ఆవిడ తప్ప. నాకు తెలియదని గ్రహించి ఆవిడే చెప్పింది. తూకానికి ముందు బోటులోని ప్రతి మనిషీ ఇంటి కూరకి కాస్త చేప తీసుకుంటాడు. దాన్ని అమ్మరు, తూచరు. కాటా దగ్గర సరుకు కొనే ఏజెంటు గొణుగుతాడని తడి గోనె కింద పెట్టి పట్టుకుపోతారు.

"సముద్రంలో పోయినోళ్ల ఇళ్లకి కూడా వెళ్తదమ్మా. ఆ ఇంటి ఆడమనిషి రేవుకి రాకపోయినా పంపుతాం. అది ఆపి సంతకం పెట్టమంటే నేను పెట్టలేను."

నేను కంపెనీ లాయరుకి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను.

ఆయన మర్యాదగానే మాట్లాడాడు. అన్ని రేవుల్లోనూ ఇదే నమూనా అని, ఇంతవరకూ ఎవరూ మార్చమని అడగలేదని అన్నాడు.

"అడగలేదంటే వాళ్లకి ఎవరూ చదివి చెప్పలేదనండి," అన్నాను. నేను లేచి నిలబడ్డానని జూనియరు కొంగు లాగితే గాని తెలియలేదు.

అయితే మనిషికి ఎన్ని కిలోలో రాయమన్నాడాయన. బోటావిడ ఒప్పుకోలేదు. కూర చేపని కాటా మీద పెడితే అది సరుకైపోతుందంది. ఇద్దరి మధ్యా దారి కనబడలేదు. అప్పుడు మా జూనియరు ఆవిడని అడిగింది, కూరకి ఏం తీసుకుంటారని.

"ఏవుందండీ, చిన్న చేప. పెద్ద రొయ్య ఎవరూ ముట్టుకోరు. అది కూరకి తెచ్చినోణ్ణి ఇంట్లోకి రానివ్వరు."

కంపెనీకి కావలసింది ఆ పెద్ద రొయ్యే. అక్కడే, చేపల ట్రే బోర్లించి దాని మీద ల్యాప్‌టాప్ పెట్టి టైపు చేశాను: ఎగుమతి రకం రొయ్య కాకుండా, తూకానికి ముందు బోటు మనుషుల ఇళ్లకీ, సముద్రంలో పోయినవారి ఇళ్లకీ ఆచారంగా ఇచ్చే చేపకి ఈ ఒప్పందం వర్తించదు. అలాంటి వాక్యం నేను ఎన్నడూ రాయలేదు. ఎక్కడా చూడలేదు కూడా.

పంపాక ఎదురుచూశాం. టీలు వచ్చాయి. మా ఆయన పోయాక మొదటిసారి నాకు నిజంగా ఆకలేసింది. చల్లారిన ఇడ్లీలు తిన్నాను. బోట్లు ఒడ్డుకి వస్తుండగా జవాబు వచ్చింది. ఆ వాక్యం యథాతథంగా ఉంచారు. ఆవిడ మరోసారి మొదటి నుంచీ చదవమంది. చదివాను. సంతకం పెట్టింది.

ఆ తర్వాత ఆ రేవుకి చాలాసార్లు వెళ్లాను. రెండు బోట్లూ తిరుగుతున్నాయి. కూర చేపని ఇప్పుడక్కడ గోనె కింద దాచడం లేదు.