సగం తిప్పిన కాగితం

నిన్న ఫిల్మ్‌నగర్‌లోని మా మిక్సింగ్ గదిలో కొత్త ఎల్పీ ఒకటి పెట్టాను. చేతికి బరువుగా తగిలే ఆ రికార్డు నుంచి ఇంకా అట్టపెట్టె వాసన వస్తోంది. పందొమ్మిదో శతాబ్దపు జర్మన్ సింఫనీ అది. ఎప్పుడో అరవై ఏళ్ళ కిందటి రికార్డింగు. దాని అసలు టేపు బయటికి తీసి, ఏ చప్పుడూ తుడిచెయ్యకుండా మళ్ళీ విడుదల చేశారు. మూడో భాగంలో వయొలిన్లు ఆగాక, కొమ్ముబూర అందుకోబోయే ముందు ఒక్క క్షణం నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో వాయించేవాళ్ళలో ఎవరో స్వరాల కాగితం తిప్పబోయి ఆగిపోయారు. ముల్లు వెనక్కి పెట్టి మళ్ళీ విన్నాను. ఉంది. నాలుగుసార్లు విన్నాను, నాలుగుసార్లూ ఉంది.

ఆ చప్పుడు ఉందని నాకు ఎన్నో ఏళ్ళ కిందటే చెప్పిన మనిషి పాల్ గారు. నాకు ఈ పని నేర్పిన గురువు. గుంటూరు వైపు నుంచి వచ్చి, ఇదే గదిలో పాతికేళ్ళు మాటలు, పాటలు, చప్పుళ్ళు కలిపి సినిమాలకు మిక్సింగ్ చేశారు. ఆదివారాలు యూసుఫ్‌గూడ చర్చిలో కీబోర్డు వాయించేవారు. ఏ సినిమాకైనా ఫైనల్ మిక్స్ మొదలుపెట్టే ముందు ఇదే రికార్డింగు తన పాత ఎల్పీ మీద పెట్టి ఆ మూడో భాగం వినిపించేవారు. అది అయ్యేదాకా నన్ను మీటలు ముట్టుకోనిచ్చేవారు కాదు. "ముందు చెవులు కడుక్కోవయ్యా. హీరో గారి బూట్ల చప్పుడు ఎక్కడికీ పారిపోదులే" అనేవారు.

"విన్నావా? కాగితం సగం తిప్పి ఆపేశాడు. రికార్డింగ్ నడుస్తోందని అప్పుడు గుర్తొచ్చింది పాపం."

"గీతల గరగర తప్ప ఏం లేదండీ."

"రికార్డు కొత్తలో విన్నానయ్యా. ఇప్పుడు అరిగిపోయింది గానీ, అది అక్కడే ఉంది."

అదే రికార్డింగు సీడీ కొని విన్నాను. ఆ చోట శుభ్రమైన నిశ్శబ్దం. సీడీ చేసినవాళ్ళు చప్పుళ్ళు తుడిచేసి ఉంటారన్న ఆలోచన, రోజూ ఆ పనే చేసే నాకు రాలేదు. పెద్దాయన లేనివి వింటున్నారని తేల్చుకున్నాను.

ఆ తర్వాత, ఒక సినిమా విడుదలకు మూడు రోజులుందనగా ఆయన నాలుగో రీలు ఆపేశారు. తల్లి ఏడ్చే చోట మాటల వెనక టిక్కుమంటోందని, మళ్ళీ చేయాలని పట్టుబట్టారు. నిర్మాత నన్ను వరండాలోకి పిలిచాడు.

"ఏందయ్యా ఇది? పెద్దాయనకు గాడ ఏదో టిక్కుమంటుందట. మాకెవ్వరికీ వినొస్తలేదు. నువ్వు జర సక్కగ చెప్పు, ఉందా లేదా?"

"లేదు సార్" అన్నాను. అంతటితో ఆగలేదు. సీడీ సంగతి చెప్పి, "ఆయనకు కొన్నాళ్ళుగా లేని శబ్దాలు వినిపిస్తున్నాయి" అన్నాను. సాయంత్రానికల్లా ఆ మాట జూబ్లీహిల్స్ ఆఫీసులన్నీ తిరిగింది. వారం తిరక్కుండా ఆయన పని నాకొచ్చింది. పాల్ గారు తన ఎల్పీ సంచిలో పెట్టుకుని, నా భుజం తట్టి వెళ్ళిపోయారు. మళ్ళీ ఏ సినిమాకూ ఆయన్ని ఎవరూ పిలవలేదు.

ఆయన పోయి రెండేళ్ళయింది. ఈ ఉదయం మోతీనగర్‌లో ఆయన భార్య సుగుణమ్మ గారి దగ్గరికి వెళ్ళాను. కాగితం చప్పుడు నిజమేనని చెప్పాను. నిర్మాతతో నేనన్న మాటలూ చెప్పాను.

"నువ్వన్నది ఆయనకు తెలుసు బాబూ" అన్నారామె, టీ గ్లాసు నా ముందు పెడుతూ.

గ్లాసు వైపు చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"నేను నిన్ను తిట్టబోతే తిట్టనిచ్చేవారు కాదు. 'వాడికి వినపడలేదు సుగుణా, వినపడనిది లేదన్నాడు. అందులో అబద్ధమేముంది?' అనేవారు."

అక్కడితో లేచి వచ్చేయవచ్చు. సీడీ నమ్మి పొరబడ్డాను, అంతే అనుకోవచ్చు. కానీ నాలుగో రీలులో ఆ టిక్కు నాకు వినిపించింది. ఆయన రీలు ఆపకముందే, మొదటిసారే వినిపించింది. ఉందని ఒప్పుకుంటే ఎప్పటికీ ఆయన అసిస్టెంటుగానే ఉండిపోతానని లేదన్నాను.

"వినపడిందమ్మా" అన్నాను.

ఆమె అర్థం కానట్టు చూశారు. మళ్ళీ చెప్పాను. అప్పుడన్నారు: "ఆయనతో చెప్పాల్సింది. నువ్వు లేదన్నావని తెలిశాక, చెవుల డాక్టరు దగ్గరికి మూడుసార్లు వెళ్ళొచ్చారు. అంతా బాగుందన్నా నమ్మలేదు. 'నేను నేర్పిన పిల్లాడికే వినపడలేదంటే లేనట్టే' అని, ఆ రికార్డు మళ్ళీ పెట్టనేలేదు. చర్చిలో వాయించడం కూడా మానేశారు."

ఇన్నాళ్ళూ ఆయన పని మాత్రమే తీసుకున్నాననుకుంటూ బతికాను.