ఊడదియ్యి టీచర్ కుట్టిన గౌను

మా టీచర్‌కి కన్నవాళ్లు ఏ ముచ్చటైన పేరు పెట్టుకున్నారో గానీ, కుట్టు శిక్షణ కేంద్రంలో మేమంతా చాటుగా పిలిచింది ‘ఊడదియ్యి టీచర్’ అనే. ముప్ఫై ఒక్క ఏళ్లు ఆ మేడ మీద గదిలో, పదకొండు మిషన్ల మధ్య, ఆవిడ ఎక్కువసార్లు అన్న మాట అదే.

మేం చొక్కా కుట్టి పట్టుకెళితే ముందు వైపు చూసేవారు కాదు. తిరగేసి లోపలి కుట్లు చూసేవారు. "పైకి అందరూ మంచివాళ్లేనమ్మా" అనేవారు. ఒక్క కుట్టు వంకర పోయినా "ఊడదియ్యి" అనేవారు. తను మాత్రం కత్తెర ముట్టరు. ఎవరి తప్పు వాళ్లే ఊడదీసుకోవాలి, అదీ ఆవిడ పక్కన స్టూలు మీద కూర్చుని. నా మొదటి చొక్కా ఏడుసార్లు ఊడదీశాను. ఆ రోజు ఆవిణ్ణి మనసులో తిట్టుకున్న తిట్లు రాస్తే కాగితం అంటుకుంటుంది.

ఆవిడ చలవ వల్లే ఇవాళ నాకొక కొట్టు, నలుగురు పనివాళ్లు. తలలు నెరుస్తున్నా మాలో ఎవరో ఒకరం నెలకోసారైనా ఏదో ఒకటి కుట్టి పట్టుకెళ్లి ఆవిడ చేత తిరగేయించుకుని వస్తాం. అది లేకపోతే మాకు తోచదు.

రెండేళ్లుగా ఆవిడ చూపు తగ్గుతోంది. ఇక తిరిగి రాదని డాక్టరు తేల్చేశారు. మొన్న సోమవారం ఆవిడే తడుముకుంటూ నా కొట్టుకొచ్చి ఒక పొట్లం ఇచ్చారు. అందులో చంటిపిల్ల గౌను ఉంది.

"ఆదివారం అమ్మాయి మనవరాల్ని తీసుకొస్తోందే. ఈ కాస్త చూపు ఉండగానే నా చేత్తో ఒకటి కుట్టి తొడగాలని. బొత్తాలు నువ్వు కుట్టిపెట్టు, సూదిలోకి దారం ఎక్కించలేకపోతున్నాను."

ఆవిడ వెళ్లాక అలవాటు కొద్దీ తిరగేశాను. నడుము దగ్గర కుట్టు దారి తప్పింది. ఒక చంక కింద అసలు కుట్టే పడలేదు. నాకు ఏడుపొచ్చింది. పనివాళ్లని భోజనానికి పంపేసి, మొత్తం ఊడదీసి, నా మిషన్ మీద మళ్లీ కుట్టాను. ఆవిడకేం తెలుస్తుందిలే అనుకున్నాను. నా బుద్ధి గడ్డి తినడానికి వెళ్లిందేమో!

శనివారం ఇంటికి తీసుకెళితే ఆవిడ గౌనుని తిరగేసి కుట్టు వెంట వేలు పోనిచ్చారు. చివరికొచ్చాక వేలు ఆగింది.

"దారం ఊడిపోకుండా చివర వెనక్కి మూడు కుట్లు వేశావు. రెండు చాలే అని నీకు ఎన్నిసార్లు చెప్పాను?"

నేను తల దించుకున్నాను. "కోపం వచ్చిందా టీచర్?"

"కోపం కాదే, కష్టంగా ఉంది. నీ చొక్కా నేనెప్పుడైనా నీ వెనకాల దిద్దానా? దిద్దితే నాకు పది నిమిషాల పని. అయినా నీ చేతే ఏడుసార్లు ఊడదీయించాను. నీకు వస్తుందని నాకు తెలుసు కాబట్టి. నాకిక రాదని నువ్వు తేల్చేశావు."

డాక్టరు మాటకి కూడా ఆవిడ అంత డీలా పడలేదు. నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. కత్తెర తీసుకుని నా కుట్లన్నీ ఊడదీశాను. ఆవిడ మిషన్‌కి దారం ఎక్కించాను. ఆవిడ కూర్చుని, వేళ్లతో అంచు చూసుకుంటూ మెల్లగా తొక్కారు. నేను పక్కన స్టూలు మీద కూర్చున్నాను.

కుట్టడం అయ్యాక ఆవిడే గౌనుని తిరగేసి నా ఒళ్లో పెట్టారు. నడుము దగ్గర మళ్లీ వంకర. బాగుందని అనేస్తే పోయేది.

"ఊడదియ్యండి, టీచర్."

"అదీ!" అంటూ ఆవిడ కత్తెర కోసం చెయ్యి చాచారు. ఆ వారంలో ఆవిడ నవ్వడం అదే మొదటిసారి అనుకుంటాను.

చీకటి పడేలోపు ఇంకో మూడుసార్లు అన్నాను ఆ మాట. ఆ తర్వాత కుట్టు తిన్నగా వచ్చింది. చివర ఆవిడ వెనక్కి రెండే కుట్లు వేసి దారం తెంపారు.