జీపు చాటలూ, మూలింటవ్వ అరుగూ

ఈ పొద్దున పాత ఇనుప సామాన్లు కొనే అతను తోపుడు బండిని మా గేటు ముందు ఆపి, పెరట్లోకి తొంగిచూసి, "అమ్మా, ఆ రేకులు ఇచ్చేయరాదా? ఊరికే తుప్పు పడతాండాయి" అన్నాడు. అతను చూపించినవి గోడకు ఆనించి బోర్లించిన వంపు రేకులు. వాటి కింద మా పొదుగు కోడి గుడ్ల మీద కూర్చుని, అతని వైపు నా కంటే కోపంగా చూస్తోంది. ఇవ్వనన్నాను. "ఏం చేసుకుంటారమ్మా వాటిని?" అన్నాడు. కోడికి ఇల్లు అన్నాను. కోడి లేకపోయినా ఇవ్వను గానీ, ఆ కథ మొదలుపెడితే అతని బేరాలు చెడతాయి, నా పొయ్యి మీద పప్పు మాడుతుంది. అతను బండి తోసుకుంటూ వెళ్లిపోయాడు. పప్పు ఎట్లాగూ మాడింది.

మా ఆయనకు కర్నూల్లో బళ్లారి రోడ్డు పక్కన టింకరింగ్ షెడ్డు ఉంది. వెనకనే మా ఇల్లు. సొట్టలు తీయడం, తుప్పు తిన్నచోట కొత్త రేకు అతకడం ఆయన పని. కొన్నేళ్లుగా కుర్రాళ్లకు జీపులకు లావు టైర్లు వేయించే పిచ్చి పట్టుకుంది. లావు చక్రం వేస్తే అది మడ్‌గార్డు దాటి బయటికి వస్తుంది. అట్లా వదిలేస్తే రోడ్డు మీది కంకరంతా పక్కన వచ్చేవాడి మొహాన పడుతుంది, పోలీసులకూ ఒక పని దొరుకుతుంది. అందుకని మడ్‌గార్డు అంచు కోసి, దానికి రేకుతో వంపు తిరిగిన చూరొకటి అతకాలి. కుర్రాళ్లు దాన్ని ఫ్లేర్ అంటారు. నా కంటికి అది చాట. నేను చాట అనడం మొదలుపెట్టాక షెడ్డులో పనివాళ్లకూ అదే మాట అలవాటైపోయింది. బజారులో ప్లాస్టిక్‌వి దొరుకుతాయి. వాటిని చూస్తే మా ఆయన, పెళ్లివారింట్లో ఉప్పు లేని కూర తిన్నవాడిలాగా మొహం పెడతాడు.

ఆయన ముందు అట్టపెట్టె చింపి, చక్రం మీద ఆనించి, కత్తిరించి, మళ్లీ ఆనించి కొలత తీస్తాడు. ఆ అట్టను రేకు మీద పరిచి సుద్దతో గీస్తాడు. కోసిన రేకును ఇసుక మూట మీద పెట్టి చెక్క సుత్తితో కొడుతూ పోతే అది కొంచెం కొంచెంగా కడుపు తేలుతుంది. అంచులోకి సన్నటి ఊచ పెట్టి మడుస్తాడు, ఎవరి చెయ్యీ తెగకుండా. ఆ చప్పుడు వినీ వినీ, పని ఏ దశలో ఉందో నేను వంటింట్లోంచే చెప్పగలను. వెల్డింగు వాసన మాత్రం నాకు ఈనాటికీ పడదు. ఇక ఆయన పద్ధతి ఇంకోటుంది. ఖాళీ బండికి సరిపోయిన చాట నిండు బండికి సరిపోదట. మనుషులు ఎక్కితే బండి కుంగి టైరు రేకుకు రాసుకుంటుంది. కాబట్టి చివరి అతుకు వేసే ముందు వీధిలో ఆడవాళ్లందరినీ పిలిచి వెనక సీట్లలో కూర్చోబెడతాడు, మధ్యలో బియ్యం మూట వేస్తాడు, స్టీరింగు ఆ చివరికీ ఈ చివరికీ తిప్పి కింద దూరి చూస్తాడు. మా వీధిలో ఏ ఆడమనిషి ఎంత బరువో ఆయనకు తెలుసు. పైకి మాత్రం ఎన్నడూ అనడు, తెలివైనవాడు.

మా అక్కను పత్తికొండ అవతల పల్లెలో ఇచ్చారు. బావ టమోటా పండిస్తాడు. ఆయనకొక పాత జీపు ఉండేది. కూలివాళ్లను తోటకు తీసుకుపోయేదీ, టమోటా పెట్టెలను మార్కెట్టుకు చేర్చేదీ, ఊళ్లో ఎవరికైనా నొప్పులొస్తే ఆసుపత్రికి తెచ్చేదీ అదే. మా బావ అప్పట్లో శానా మాటకారి. స్టీరింగు పట్టుకుంటే నోరు ఆగేది కాదు, వెనక్కి తిరిగి మరీ ఎకసెక్కాలాడేవాడు. ఒక సాయంకాలం టమోటా కోత ముగించుకుని ఆడవాళ్లను ఎక్కించుకుని వస్తుంటే, గుట్ట కింద మలుపులో జీపు పక్కకు ఒరిగి పడిపోయింది. అందరికీ దెబ్బలు తగిలాయి. ఒకామె చనిపోయింది. ఆమె వాళ్ల సందు మొదట్లో ఉండే మూలింటి కోడలు. బావ పెళ్లిలో ఆయనకు పసుపు రాసిన మనిషి.

పోలీసులూ, కోర్టూ, పెద్దమనుషులూ, అదంతా జరిగి ముగిసింది. బావకు మాత్రం ముగియలేదు. మూలింటికి జొన్న మూటలు పంపిస్తే ఆ ఇంటి అవ్వ, అంటే చనిపోయినామె అత్త, వాటి మూతి కూడా విప్పకుండా వెనక్కి పంపింది. ఆ రోజు నుంచి బావ ఆ సందులోంచి నడవడం మానేశాడు. కళ్లాల మీదుగా వెనక దోవన ఇంటికి వచ్చేవాడు, వెనక దోవన పోయేవాడు. చాలాసార్లు తోట కొట్టంలోనే ఉండిపోయేవాడు, ఆ సొట్టబోయిన జీపు పక్కన. మా అక్క ఫోన్లో ఏడ్చేది. "ఆ బండి ఎక్కి ఒకసారి నడిపితే మనిషయితాడే. లేకుంటే నాకు దక్కేటట్ల లేడు" అనేది. అప్పటికి ఆయన చిక్కి సగమయ్యాడు. నాకూ భయం వేసింది.

అట్లా ఆ జీపు మా షెడ్డుకు వచ్చింది, ట్రాక్టరు లాక్కురాగా. బావే అడిగాడు, లావు చక్రాలు వేయమని. ఎడంగా నిలబడితే ఒరగదు కదా అని. మా ఆయనకు అది సబబుగానే తోచింది. తోడల్లుడైనా అన్నా అనే పిలుస్తాడు, ఆయన మాట తీసేయడు. బావ జేబులోంచి ఒక కొబ్బరి తాడు ముక్క తీసి ఇచ్చాడు. రెండు కొసలకూ ముడులు. "ఇది మా సందు ఎడల్పప్పా. మూలింటి అరుగు కాడ కొలిచింది. దీంతో సరిసూసుకుంటా చెయ్" అన్నాడు. ఆ అరుగు దగ్గరికి ఆయన ఎప్పుడు పోయాడో, ఊరంతా పడుకున్నాక పోయి కొలిచాడో ఏమో, నేను అడగలేదు.

చాటలు తయారయ్యాయి. పద్ధతి ప్రకారం వీధిలో ఆడవాళ్లను పిలిచారు. నేనూ ఎక్కాను. ఎదురూ బొదురూ కూర్చుని, బియ్యం మూట మీద కాళ్లు పెట్టుకుని, ఎవరో ఏదో అంటే అందరం పకపకా నవ్వాం. అంతలో బావ గేటు తీసుకుని బయటికి వెళ్లిపోవడం కనిపించింది. రోడ్డు అవతల లారీ చాటున నిలబడి రెండు చేతులతో మొహం మూసుకున్నాడు. అప్పుడు గుర్తొచ్చింది మాకు, ఆ జీపులో ఆ సీట్లలో ఆడవాళ్లు అట్లాగే కూర్చుని నవ్వుతూ వచ్చి ఉంటారని. ఒక్కొక్కరమే దిగిపోయాం. 

తర్వాత బావ తాడు తెచ్చి ఈ చాట అంచు నుంచి ఆ చాట అంచుకు పట్టి చూశాడు. తాడు ఇంకా మిగిలింది. "ఇంకొంచెం ఎడల్పు చెయ్యప్పా" అన్నాడు. మా ఆయన చక్రాల వెనక ఇనుప బిళ్లలు వేసి వాటిని బయటికి జరిపాడు. కట్టిన చాటలు కోసేసి కొత్తవి కొట్టాడు. బావ మళ్లీ వచ్చాడు, మళ్లీ తాడు పట్టాడు, మళ్లీ అదే మాట. బేరింగులు అరిగిపోతాయి అన్నా అని మా ఆయన చెప్పి చూశాడు. ఆయన వినలేదు. ఇసుక మూట పిగిలిపోయింది, నా ఓపికా పిగిలింది. నేను అక్కకు ఫోన్ చేసి, "మీ ఆయనకు జీపు కావాల్నా, రోడ్డు రోలరు కావాల్నా?" అని అరిచేశాను.  భయపడినవాడికి ఎంత చేసినా చాలదని నేను నాకే సర్దిచెప్పుకున్నాను. తప్పుగా అనుకున్నానని తర్వాత తెలిసింది.

చివరికొక రోజు తాడు పొట్టిదైపోయింది. చాట అంచు ముడి దాటి బయటికి వచ్చింది. మా ఆయన గాబరాపడి, "అన్నా, మించిపోయింది. సందులో పట్టదు" అన్నాడు. బావ ఆ ముడి వంక చూస్తూ, "సాలప్పా, సాలు" అన్నాడు. ఎన్నో నెలల తర్వాత ఆయన మొహం తేటపడడం ఆ రోజే చూశాను. రంగు ఆరగానే తనే నడుపుతానన్నాడు. మేమిద్దరం వెంట ఎక్కాం. పత్తికొండ దాకా ఎద్దులబండిని తోలినట్టు తోలాడు. గుట్ట మలుపు వచ్చినప్పుడు చెమటతో చొక్కా వీపుకు అంటుకుపోయింది. అయినా ఆపలేదు. నేను మనసులోనే మొక్కుకున్నాను, ఈయన మనిషయ్యాడు స్వామీ అని.

సందు మొదట్లో బండి ఆగింది. మా ఆయన దిగి తాడు పట్టి చూశాడు. ఒకవైపు రాతి గోడ, ఒకవైపు మూలింటి అరుగు, నాప బండలు పరిచినది. పట్టదు. "పట్టదులే. ఈడనే ఉండనీ" అన్నాడు బావ, ఎవరో అడ్డుపడితే తప్పనిసరై ఆగిపోయినట్టు. తాళం తీసి జేబులో వేసుకుని, కళ్లాల వైపు వెనక దోవన నడిచిపోయాడు. అప్పుడు నాకు అర్థమైంది. ఆ తాడు తెచ్చింది సందులో పట్టడానికి కాదు, పట్టకుండా ఉండడానికి. కళ్లాల దోవ కాలినడకకే, బండికి వేరే దోవ లేదు. బండిని ఇంటికి తేవాలంటే ఆ అరుగు ముందునుంచే పోవాలి. పోలేక, పోలేనని చెప్పలేక, మా ఆయన చేత రేకు మీద రేకు కొట్టించాడు. నాకు కోపం వచ్చింది, వెంటనే ఏడుపు వచ్చింది. ఏది ముందో ఇప్పటికీ చెప్పలేను.

మూలింటవ్వ అరుగు మీదే కూర్చుని ఉంది. "ఏం కొలుస్తాండావప్పా?" అని అడిగింది మా ఆయనను. అబద్ధమాడడం చేతకాని మనిషి. "బండి పట్టదవ్వా. అరుగు అడ్డమొస్తాది" అన్నాడు. "ఎంత?" అంది. ఆయన చెయ్యి చాపి చూపించాడు, జానెడని. అవ్వ ఆ చేతి వంక చూసి, చెంబులో నీళ్లు నోట్లో పోసుకుని పుక్కిలించి ఉమ్మేసింది. 

మర్నాడు తెల్లవారి రాతి మీద ఇనుము పడే చప్పుడుకు లేచాం. కొంతసేపటికి అవ్వ కర్ర పట్టుకుని మా అక్క వాకిట్లోకి వచ్చింది. బావ పళ్లపుల్ల నోట్లో పెట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు.

"ఏమప్పా, నా కొడుకుతో అరుగు బండలు పీకిచ్చినా. ఇంక పడతాది. పోయి బండి తెచ్చుకో."

"ఎందుకవ్వా అట్ల చేసినావు?" అన్నాడు బావ. 

"ఎనక దోవన పోతాండావు దొంగ మాదిరి. నేను సూస్తానే ఉండా. జొన్నలు పంపిస్తివి, నువ్వు రాకపోతివి. సచ్చింది నా కోడలప్పా. దాని పిల్లోళ్లు ఆ అరుగు మీదనే ఉండారు. నా ముందర పో. దినామూ పో. నేను సూడాల."

అది క్షమించడమో, శిక్ష వేయడమో నాకు ఆనాడు తెలియలేదు. మా అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.  బావ పుల్ల పారేసి, మొహం కడుక్కుని, ఇంత కాలానికి మొదటిసారి ముందు వాకిలి దాటి సందులోకి నడిచాడు.

మేమంతా గోడ వారగా నిలబడి చూశాం. జీపు అంగుళం అంగుళంగా వచ్చింది. ఈ చాట గోడకు రాసుకుంది, ఆ చాట తవ్విన అరుగు పక్కనుంచి దుమ్ము రేపుకుంటూ దూరింది. అవ్వ కొడుకు, చనిపోయినామె మొగుడు, గడ్డపార పట్టుకుని తల వంచుకుని నిలబడ్డాడు. అవ్వ మిగిలిన అరుగు మీద, పిల్లలిద్దరినీ పక్కన పెట్టుకుని కూర్చుంది. ఆమె ఎదురుగా వచ్చేసరికి బండి ఆగిపోయింది. బావ స్టీరింగు మీద తల ఆనించి, మగవాళ్లు మామూలుగా ఏడవనట్టు, పెద్దగా ఏడ్చాడు. అవ్వ ఓదార్చలేదు. ఆయన ఏడుపు అయ్యేదాకా కూర్చుని, "సాల్లే, ఇంక ఇల్లు చేరు" అంది.

ఆ తర్వాత వారమో పది రోజులో గడిచాక జీపు మళ్లీ మా షెడ్డుకు వచ్చింది. పాత చక్రాలే వేయమన్నాడు బావ. మా ఆయన చాటలు కోసి, పాత మడ్‌గార్డు అంచు అతికి, రంగు వేశాడు. ఆయన అంత అందంగా కొట్టిన రేకులు మా పెరట్లో పడ్డాయి, కోడి వాటిని తనవిగా చేసుకుంది. బావ కొత్త నాప బండలు వేసుకుని, మేస్త్రీని వెంటబెట్టుకుని మూలింటికి పోయాడు. అవ్వ ఒప్పుకోలేదు. ఉండనీ అట్లే, అంది.

ఇప్పుడు ఆమెకు చూపు బాగా తగ్గింది. పోయిన నెల వెళ్లినప్పుడు నేను ఆ జీపులోనే కూర్చుని ఉన్నాను. మూల తిరగగానే బావ ఇంజను ఆపాడు. "ఎవరప్పా పోతాండేది?" అంది అవ్వ. "నేనేవ్వా" అన్నాడు బావ. "పో" అంది. రోజూ ఇంతేనట, పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ. బావ ఎకసెక్కాలాడడం మళ్లీ మొదలుకాలేదు, ఇక కాదు కూడా. కాలం గడిస్తే బాధ తగ్గుతుందంటారు. మా బావకు తగ్గిందో లేదో నాకు తెలియదు, అడిగే ధైర్యమూ లేదు. ఇన్నేళ్లలో కాలం చేసిందని నేను కళ్లారా చూసింది ఒక్కటే, ఆ సందు జానెడు వెడల్పయింది.