మంచు తుఫానులో ఆర్డిస్ రేడియో

అమెరికాలో మా దక్షిణ డకోటాలో ఉత్తరపు గాలికి అడ్డం ముళ్లకంచె ఒక్కటే అంటారు. ఆ గాలి నడుమ, పెద్ద రోడ్డుకు దూరంగా ఉండేది ఆర్డిస్ హోక్‌స్ట్రా ఇల్లు. భర్త మెర్ల్ పశువుల సంతలు పట్టుకుని తిరిగేవాడు. ఆమెకు తోడు వంటింటి బల్ల మీది సీబీ రేడియో. దారిన పోయే లారీవాళ్లు, ఊళ్లో రైతులు అందరూ దానిలో మారుపేర్లతోనే మాట్లాడుకునేవారు. ఆమె పేరు తెల్లకోడి.

"పొద్దస్తమానం ఆ పెట్టెతో కబుర్లేంటే?" అని మెర్ల్ దెప్పేవాడు.

"అది జవాబిస్తుంది మరి" అనేది.

ఆ జనవరిలో ఒక మధ్యాహ్నం తుఫాను విరుచుకుపడింది. నేను కౌంటీలో రోడ్ల మీది మంచు తోసే బండి నడిపేవాణ్ణి. నా బండిలోనూ రేడియో ఉంది. ఆర్డిస్ గొంతు వినిపించింది. నన్ను మాత్రం ఆమె అసలు పేరుతోనే పిలిచేది.

"వెర్నన్, బంగాళాదుంప ఇరుక్కుపోయాడు."

బంగాళాదుంప అంటే ఐడహో రాష్ట్రం నుంచి దుంపల లోడు తెచ్చే డ్రైవరు. వాళ్లిద్దరూ ఎన్నడూ ఒకరినొకరు చూసుకోలేదు. లారీ గోతిలో దిగబడింది. డీజిలు గడ్డకట్టి ఇంజను ఆగింది. హీటరూ లేదు.

"ఎక్కడున్నాడు?"

"అతనికే తెలీదు. ముందు బానెట్టే కనపడట్లేదట."

అతని మాట నాకు అందడం లేదు. ఆమె ఇంటిమీది పొడవాటి ఏంటెనాకు మాత్రం మేమిద్దరం అందుతున్నాం. అంతలో ఆమె గొంతు తెగిపోయింది. తీగలు తెగి ఇంట్లో కరెంటు పోయిందట. మిగతాది తర్వాత ఆమె చెప్పగా విన్నాను.

రేడియోకు కావలసింది పన్నెండు వోల్టులు. ఇంట్లో గోడ కరెంటును ఒక పెట్టె తగ్గించి ఇచ్చేది. ఇప్పుడు ఆ పెట్టె దండగ. మెర్ల్ పశువుల లారీలో సంతకు పోయాడు. కొట్టంలో అతని పికప్ బండి ఉంది, అందులో బ్యాటరీ ఉంది. మంచులో దారి తప్పకుండా వాకిటి నుంచి కొట్టం దాకా కట్టిన తాడు పట్టుకుని ఆమె వెళ్లింది. చెయ్యి వదిలితే అంతే. బ్యాటరీని కోటు కింద పొదువుకుని తిరిగొచ్చింది. పెట్టె నుంచి వైర్లు కోసి, కత్తితో గీకి, మొద్దుబారిన వేళ్లతో తగిలించింది.

ఠప్‌మంది.

తొందరలో ఎర్ర వైరు మైనస్సుకు పెట్టింది. ఫ్యూజు పోయింది. రేడియో కూడా పోయిందో ఏమో. ఫ్యూజు చుట్టూ సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితం చుట్టేస్తే? చేతిలోకి తీసుకుంది కూడా. ఈసారి తప్పు జరిగితే ఆపేది ఏదీ ఉండదు, వైరుతో పాటు రేడియో కాలిపోతుంది. కాగితం పారేసి మళ్లీ తాడు పట్టుకుంది. పికప్‌లోని ఫ్యూజు పీక్కొచ్చింది.

"ఎరుపు ప్లస్సుకి, నలుపు మైనస్సుకి" అని పైకే చెప్పుకుంటూ తగిలించింది. చిన్న దీపం వెలిగింది.

"బంగాళాదుంపా!"

జవాబు లేదు. మళ్లీ పిలిచింది. చాలాసేపటికి నీరసంగా వినిపించింది. "నువ్వూ వెళ్లిపోయావనుకున్నా. మాట్లాడుతుంటే నా దీపం మసకబారుతోంది."

"అయితే మాట్లాడకు. వింటే బ్యాటరీ కొంచెమే తాగుతుంది, మాట్లాడితే గటగటా తాగేస్తుంది. మీట నొక్కి వదులు చాలు. అవునంటే ఒకసారి, కాదంటే రెండుసార్లు. నది వంతెన దాటావా?"

ఒక టిక్కు.

"ధాన్యపు గాదెలు దాటావా?"

రెండు టిక్కులు.

వంతెనకూ గాదెలకూ మధ్యన! ఆర్డిస్ ఆ మాట రేడియోలో చెప్పగానే నేను బయల్దేరాను. రోడ్డేదో పొలమేదో తెలియదు. ఆర్డిస్ చెప్పినప్పుడల్లా హారన్ మోగించేవాణ్ణి. "వినపడిందా?" అని ఆమె అతన్ని అడిగేది. రెండు టిక్కులు. మరికాస్త ముందుకు. మళ్లీ రెండు.

తర్వాత ఏమీ లేదు.

"ఒరేయ్, నిద్రపోయావంటే నేనే వచ్చి తంతాను. నొక్కు! వెర్నన్, ఆపకుండా కొట్టు!"

హారన్ మీద చెయ్యి తీయలేదు.

"ఒకటి!" ఆర్డిస్ అరిచింది. "ఒకటే నొక్కాడు వెర్నన్, దగ్గరున్నావ్!"

బ్రేకు వేశాను. మంచులోంచి లారీ వెనక తలుపులు నా ముక్కు ముందుకు వచ్చాయి.

ఆ చుట్టుపక్కల ఉన్నది ఆమె ఇల్లు ఒక్కటే, అతన్ని అక్కడికే తీసుకెళ్లాను. గోరువెచ్చని నీళ్లలో కాళ్లు పెట్టుకుని, నొప్పికి ఏడుస్తూనే అతను ఆమెను పరకాయించి చూశాడు. "ముసలిదానివేమో అనుకున్నా."

"నేనూ నువ్వు లావుగా ఉంటావనుకున్నా. సూప్ తాగు."

అతనికి రెండు కాలివేళ్లు పోయాయి. ప్రాణం దక్కింది.

చాలా ఏళ్ల తర్వాత చర్చి భోజనాల దగ్గర ఆ రోజు ప్రస్తావన వచ్చింది. "రెండోసారి కొట్టానికి వెళ్లబుద్ధి కాలేదు వెర్నన్. భయమేసింది. తలుపు దగ్గరే నిలబడిపోయాను" అంది ఆర్డిస్.

"మరెందుకు వెళ్లావు?"

"రేడియో లేకపోతే ఇల్లంతా మరీ నిశ్శబ్దంగా ఉంది. ఆ లారీలో అతనికీ అట్లాగే ఉంటుంది కదా అనిపించింది."