కొలోన్ వీధుల్లో మా ఆవిడ పేరు

ఎనభైల మొదట్లో, ఒక ఫిబ్రవరి సాయంత్రం ఆరింటికి విశాఖపట్నం స్టేషన్‌లో రైలెక్కాను. నాతో పోర్టులో పనిచేసి, జర్మనీలో స్థిరపడిన అప్పలరాజు రమ్మన్నాడు. మా ఆవిడ మాత్రం సాగనంపడానికి రాలేదు. రెండు రోజుల ముందు పెట్టె సర్దుతూ, "ఇదిగో, తాళం ఎక్కడుంది?" అన్నాను. అంతే.

"పెల్లయి పదేల్లయింది. ఒక్కసారైనా పేరెట్టి పిలిసారేటి? ఇదిగో, ఏయ్! అక్కడినుంచి ఉత్తరం ఎవలికని రాత్తారు?" అని, మాటలు మానేసింది.

రేవులో క్రేన్ కింద రోజంతా కేకలు పెట్టే మనిషిని. అయినా 'కమలా' అన్న మూడక్షరాలు మా అమ్మ ఎదుట, ఇరుగుపొరుగు ఎదుట గొంతు దాటేవి కావు. సిగ్గు.

సికింద్రాబాదులో బండి మారి, మూడో రోజు ఉదయం బొంబాయి చేరాను. అక్కడినుంచి విమానంలో ఫ్రాంక్‌ఫర్ట్, మళ్ళీ రెండున్నర గంటల రైలు. నా సంచిలో ఎండుచేపలున్నాయి. ఎదుటి సీటు పెద్దాయన రెండుసార్లు ముక్కు ఎగబీల్చి, నవ్వి, కిటికీ కాస్త తెరిచాడు. కొలోన్‌లో దిగేసరికి ఆదివారం పదకొండు గంటలు.

"రేవంతా మూటగట్టుకొచ్చేసినావేటి బావా!" అంటూ కావలించుకున్నాడు అప్పలరాజు. చేపల పులుసు తానే వండాడు.

మర్నాడు ఊరంతా వీధిలోనే ఉంది. బుధవారం నుంచి క్రైస్తవుల ఉపవాస దినాలట. ఆలోగా తిని, తాగి, ఎగరాలి. వెళ్ళేవారు రెండు జతల మేజోళ్ళు వేసుకోండి. గొడుగు మరవకండి, వాన కోసం కాదు. పన్నెండు దాటాక బాజాలతో అలంకరించిన బళ్ళు వచ్చాయి. జనం ఒక్కసారిగా చేతులు చాపి, "కమెల్లె! కమెల్లె!" అని అరిచారు.

నేను అప్పలరాజు చెయ్యి పట్టి లాగాను.

"బావా, ఈల్లు మా ఆవిడ్ని పిలుత్తన్నారేటి?"

అప్పలరాజు పడీ పడీ నవ్వాడు. "మీ ఆవిడ కాదు బావా, మిఠాయి! బండి మీదోల్లు ఇసురుతారు. అరవకపోతే మనకేటీ రాదు. నువ్వూ అరువు."

మెల్లగా "కమెల్లె" అన్నాను. పక్కన డెబ్బై ఏళ్ళ ముసలమ్మ, ముక్కుకు ఎర్రరంగు పూసుకుని, తిరగేసిన గొడుగు పట్టుకుని ఉంది. నన్ను మోచేత్తో పొడిచి ఏదో అంది.

"మరీ సిన్నగా అంతన్నావంట. గట్టిగా అనమంటంది," అన్నాడు అప్పలరాజు.

"కమలా!" అని అరిచాను, క్రేన్ కింద అరిచినట్టే. బండి మీది విదూషకుడు తిరిగి చూసి గుప్పెడు మిఠాయిలు విసిరాడు. మరిక ఆగలేదు. మూడింటికి గొడుగు నిండింది, గొంతు పోయింది. ఇంతమందిలో అరవగలిగినవాణ్ణి మా వంటింట్లో ఎందుకు అనలేకపోయానా అని బాధేసింది. ఇంటికి రాగానే ఉత్తరం మొదలుపెట్టాను: 'ప్రియమైన కమలకు'.

పది రోజులుండి బయల్దేరాను. ఊరు బాగుంది, మనుషులు ఇంకా బాగున్నారు. కానీ విశాఖకు ముందొచ్చే దువ్వాడ దాటాక నా ధ్యాసంతా ఒక్కటే. వచ్చే రోజూ బండీ రాసిన ఉత్తరం అందిందా? స్టేషన్‌కి వస్తుందా?

వచ్చింది. ప్లాట్‌ఫారం మీద అటు తిరిగి వేరే పెట్టె వైపు వెతుకుతోంది. "ఇది..." అనబోయి ఆగాను.

"కమలా!"

కూలీలతో సహా అందరూ తిరిగారు. ఆమె ముఖం ఎర్రబడింది. "ఏటా కేకలు? అందరూ సూత్తన్నారు," అంటూ సంచి అందుకుంది.

రిక్షా ఎక్కి కూర్చున్నాక మెల్లగా అడిగింది.

"ఇందాక ఏటన్నారు? సరిగ్గా ఇనపడనేదు."