రెడ్డెమ్మ రెండు వేల మీటర్లు

2004 జూన్ రెండో వారంలో చిత్తూరు నుంచి తిరుపతికి బదిలీ మీద వచ్చాను. హోదా గ్రేడ్ టూ కోచ్. మా క్రీడల శాఖలో ఆ హోదా అంటే మైదానంలో విజిల్ ఊదడం సగం పని, ఆఫీసులో స్టాక్ రిజిస్టర్ రాయడం మిగతా సగం. కొత్తగా చేరినవాళ్లు మొదట ఆ రిజిస్టర్ పట్టుకుని సామాన్లన్నీ ఉన్నాయో లేదో చూసుకుని సంతకం పెట్టాలి. బంతులు, జావలిన్లు, హర్డిల్స్ అన్నీ సరిపోయాయి. చివరి వరుసలో మాత్రం 'రోయింగ్ యంత్రం, ఒకటి' అని ఉంది. రోయింగంటే తెడ్లేసి పడవ నడపడం. తిరుపతిలో పడవేమిట్రా దేవుడా అనుకున్నాను.

వాచ్‌మన్ జిమ్ వెనక గదిలోకి తీసుకుపోయి దుప్పటి లాగితే కనబడింది. పడవ పోటీలవాళ్లు ఒడ్డున సాధన చేసుకునే యంత్రం అది. ముందు రెక్కల చక్రం, దాని చుట్టూ చిల్లుల తొడుగు, చక్రానికి గొలుసు, గొలుసు కొసన పిడి. వెనక పొడుగాటి పట్టా మీద జారే పీట. పీట మీద కూర్చుని, కాళ్లతో తన్ని, పిడి గుంజితే చక్రం గాలిని కోస్తూ తిరుగుతుంది. పడవ ఎన్ని మీటర్లు సాగినట్టో, ఎంతసేపట్లో సాగినట్టో ఎదురుగా చిన్న మీటరు చూపిస్తుంది. చెరువున్న ఏదో జిల్లాకు పోవలసిన సరుకు, సామాను కోరుతూ రాసే ఇండెంటులో పొరపాటుపడి కొండకింద ఊరికొచ్చింది. మూడేళ్లుగా దాని మీద ఎవరూ కూర్చోలేదు.

నేను షాట్‌పుట్ గుండు విసిరినదాన్ని. అయినా ఆ సాయంత్రం కూర్చుని పది నిమిషాలు గుంజాను. ఒళ్లంతా చెమట, తొడలు వణుకు, మనసులో మాత్రం తిరునాళ్లకు పోయొచ్చినంత సంబరం. మోకాళ్ల మీద బరువు పడదు, ఎండ తగలదు, రోడ్డు మీద పరిగెత్తితే చూసి నవ్వేవాళ్లు ఉండరు. ఇది ఆడవాళ్ల యంత్రం అని అప్పుడే తీర్మానించుకున్నాను. జిమ్ ఖాళీగా ఉండేది పగలు పదకొండు నుంచి పన్నెండు. ఆ గంట మహిళలకు కేటాయించమని నోట్ పెట్టాను. అనుమతి వచ్చింది.

మొదటి వారం ముగ్గురు వచ్చారు. నెల తిరిగేసరికి పద్నాలుగు మంది. పిల్లల్ని బడికి పంపి, వంట ముగించి, చీరల్లో వచ్చేవాళ్లు. మొదటి రోజే ఒకామె కుచ్చిళ్లు పీట చక్రాల కింద పడి చిరిగాయి. అప్పటినుంచి స్టోర్ గదిలో చుడీదార్‌లోకి మారడం, పోయేటప్పుడు మళ్లీ చీర కట్టుకోవడం. చుడీదార్ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియనక్కర్లేదు.

అందరిలోకీ రెడ్డెమ్మ వేరు. నలభై ఒకటేళ్లు. పూతలపట్టు దగ్గర మామిడితోటల కుటుంబం వాళ్లది. కొడుకుల చదువుల కోసం తిరుపతిలో ఇల్లు అద్దెకు తీసుకుని, భర్తతోనూ అత్తగారితోనూ కలిసి ఉంటోంది. షుగరు మొదలైంది, కదలమని డాక్టరు చెప్పాడట. మొదటి రోజు ఆమె కూడా అందరిలాగే బావిలో నీళ్లు చేదినట్టు చేతులతో గుంజింది. ముందు కాళ్లు, తర్వాత నడుము, ఆఖర్న చేతులు అని నేను గొంతు పోయేట్టు అరిచాను. మిగతావాళ్లకు అది ఒంటబట్టడానికి మూడు వారాలు పట్టింది, ఆమెకు మూడు రోజులు. కాళ్లు తన్నిన ఊపు నడుములోంచి పిడిలోకి పోయి చక్రం హోరుమంటే, పక్కనున్నవాళ్లు మాటలాపి చూసేవాళ్లు. నాకైతే ఆ హోరు వింటూంటే కాళ్లు నేల మీద నిలిచేవి కావు.

చక్రం పక్కన ఒకటి నుంచి పది దాకా అంకెలున్న లివర్ ఉంటుంది. లోపలికి గాలి పోయే కిటికీ లాంటిది. అంకె పెరిగేకొద్దీ గాలి ఎక్కువ దూరి, గుంజడం బరువవుతుంది. మూడు నాలుగు చాలునని మొదటే చెప్పాను. ఎవరు వింటారు? ఆ అంకె వాళ్లలో పెద్ద మర్యాదైపోయింది. 'ఏం మే, నీది ఎంత?' అంటే 'ఆరు' అనడం, ఇంకొకామె మరుసటి రోజు ఏడు పెట్టడం. ఆ పోటీ వల్లే ఒక్కరూ నాగా పెట్టకుండా వస్తున్నారు గదా అని నేను కూడా గట్టిగా కాదనలేదు.

అక్టోబరులో మహానవమి వచ్చింది. ఆయుధపూజ రోజు మా వైపు సైకిలు దగ్గర్నుంచి తిరగలి దాకా బొట్టు పెట్టని వస్తువుండదు. మన మిషనుకు మాత్రం పూజ వద్దా అంది రెడ్డెమ్మ. వద్దనడానికి నాకు నోరెలా వస్తుంది? చందనం గిన్నె ఇంటి నుంచి తెచ్చింది నేనే. పద్నాలుగు మందీ యంత్రాన్ని తుడిచి, విభూతి పట్టెలు తీర్చి, చక్రం తొడుగంతా పసుపూ చందనమూ మెత్తి, కుంకుమ బొట్లు పెట్టి, చామంతి దండ వేసి, గుమ్మడికాయ కొట్టారు. అంత బాగున్న యంత్రాన్ని నేను మళ్లీ చూడలేదు. దండ మూడోనాటికి తీసేశాం గానీ బొట్లు చెరపడానికి ఎవరికీ మనసొప్పలేదు. పైగా ప్రతి శుక్రవారం ఎవరో ఒకరు కొత్తగా పసుపు రాసేవాళ్లు.

ఆ తర్వాత ఆరు వారాల్లో నా బ్యాచ్ అంకెలు చకచకా పైకి పోయాయి. నాలుగు మీద ఆయాసపడిన ఆమె ఏడు పెట్టి నవ్వుతూ గుంజుతోంది. రెడ్డెమ్మ తొమ్మిదికి చేరింది. రెండు వేల మీటర్లు తొమ్మిది నిమిషాల ముప్పై ఆరు సెకన్లలో లాగింది. 'మహిళలు స్వల్పకాలంలో నాలుగు నుంచి తొమ్మిదో స్థాయికి ఎదిగారు' అని నెలవారీ నివేదికలో గర్వంగా రాశాను. ఆ వాక్యం తలుచుకుంటే ఇప్పటికీ నా చెవులు ఎర్రబడతాయి.

నవంబరు ఆఖర్న మా ప్రాంతీయ అధికారి తనిఖీకి వచ్చారు. నా కంటే రెండు హోదాలు పైన. ఒకప్పుడు నాలుగు వందల మీటర్ల పరుగు వీరుడు, మాట తక్కువ. నీళ్లున్న జిల్లాలవాళ్లు ఈ యంత్రం కోసం అడుగుతున్నారని, ఇళ్లల్లో ఉండే ఆడవాళ్లు పొద్దుపోకకు గుంజుకోవడానికి దీన్ని ఇక్కడ ఉంచలేనని చెప్పారు. నేను వాదించాను. చివరికి ఒక షరతు పెట్టారు. జనవరిలో హైదరాబాదులో నలభై దాటిన మహిళలకు ఇండోర్ రోయింగ్ పోటీ ఉంది. నా బ్యాచ్‌లో ఒక్కరైనా రెండు వేల మీటర్లు పది నిమిషాల లోపు పూర్తి చేస్తే యంత్రం ఉంటుంది. లేకపోతే లారీ ఎక్కుతుంది.

మాకు అది షరతులాగే అనిపించలేదు. రెడ్డెమ్మకు ఇరవై నాలుగు సెకన్లు చేతిలో ఉన్నాయి గదా. ఆమె మాత్రం నన్ను పక్కకు పిలిచి నిమ్మళంగా ఒక మాటంది.

"తెల్లారి లేస్తే అత్తకు, మొగునికి, పిల్లోళ్లకు పోతాది నా దినమంతా. నాదనేది ఈ గంటే ఉండాది మేడమ్. ఇది పోతే ఇంగ నాకేముండాది?"

హైదరాబాదు పోవడానికి ఆమె భర్తను నేనే పోయి అడిగాను. ఆయన కాసేపు గడ్డం గోక్కుని, షుగరు మాత్రలు సగమైనాయి గదా, పోయి రానీలే అన్నాడు.

పోటీ హాల్లో పది యంత్రాలు వరసగా పెట్టారు. అన్నీ తళతళలాడుతున్నాయి. ముందు బ్యాచ్‌లు నడుస్తుండడం వల్ల వాటి మీద ముందుగా గుంజి ఒళ్లు వేడెక్కించుకునే వీలు దొరకలేదు. రెడ్డెమ్మను వరండాలో నాలుగు రౌండ్లు పరిగెత్తించి తీసుకొచ్చాను. లివర్ ఎంత మీద ఉంచాలని నిర్వాహకుడు అడిగాడు. తొమ్మిది అన్నాను, హాలంతా వినబడేట్టు. పక్క యంత్రం దగ్గరి కోచ్ నా వైపు ఒకలాగ చూశాడు. కుళ్లుకుంటున్నాడనుకున్నాను.

విజిల్ పడింది. మొదటి పది గుంజులు బాగానే ఉన్నాయి. రెండు వందల మీటర్ల దగ్గర రెడ్డెమ్మ భుజాలు పైకి లేచాయి. నాలుగు వందల దగ్గర నడుము వంగిపోయింది, పిడి బండరాయిని లాగినట్టు వస్తోంది. పక్కనున్న సన్నటి ఆమె నాలుగు మీద పెట్టుకుని హాయిగా సాగిపోతోంది. రెడ్డెమ్మ ఒక్కసారి తల తిప్పి నా కళ్లలోకి చూసింది. ఏమైందో చెప్పమని అడిగే చూపు అది.

దిక్కుతోచక ఆమె ఎదుటి చక్రాన్ని చూశాను. తొడుగు చిల్లుల్లోంచి లోపలి రెక్కలు మెరుస్తూ తిరుగుతున్నాయి. మా యంత్రం రెక్కలు నేను చూసి ఎన్నాళ్లయింది? నవమి నుంచి చూడలేదు. పసుపూ చందనమూ ఎండి, పైన దుమ్ము పట్టి, చిల్లులన్నీ పూడుకుపోయాయి. కిటికీ తొమ్మిది దాకా తెరిచినా లోపలికి సగం గాలి కూడా పోవడం లేదు. మా తొమ్మిది ఇక్కడి నాలుగు. ఆరు వారాల్లో పెరిగింది వాళ్ల బలమొక్కటే కాదు, నేను తెచ్చిన చందనం కూడా.

పోటీలో వేరేవాళ్లు యంత్రాన్ని ముట్టుకోకూడదు. లివర్ దించుకోవాలంటే గుంజే మనిషే దించుకోవాలి. నాలుగుకు దించమని అరిచాను. తల అడ్డంగా ఊపింది. మళ్లీ అరిచాను. పళ్లు బిగించి ఇంకా గట్టిగా గుంజింది. నాలుగు అంటే ఆమెకు అవమానం. ఆ అంకెను మర్యాద చేసి కూర్చోబెట్టింది మేమే గదా.

"రెడ్డెమ్మా, తప్పు నీది కాదు, నాది. దించు తల్లీ."

ఆ మాటకు పిడి వదిలేసింది. ముందుకు వంగి, లివర్ నాలుగుకు నెట్టింది. మళ్లీ పిడి అందుకుంది. మూడో గుంజుకు ఆ హోరు వచ్చింది, మా జిమ్‌లో వినే హోరు. నేను కోచ్‌నన్న సంగతి మరిచిపోయి కుర్చీ ఎక్కి అరిచాను. వెయ్యి మీటర్లు దాటింది, వెనకబడిన ఇద్దర్ని దాటింది, పదిహేను వందల దగ్గర ఇంకా పుంజుకుంది. మొదట నన్ను వింతగా చూసిన కోచ్ కూడా చప్పట్లు కొడుతున్నాడు. ఆఖరి గుంజు గుంజి పిడి ఒళ్లో పడేసుకుంది.

పది నిమిషాల ఆరు సెకన్లు.

నీళ్లు తాగించి కూర్చోబెట్టాను. తువ్వాలుతో ముఖం తుడుచుకుని అంది. "నా బలమే పోయిందనుకుంటి మేడమ్. అంతా వొట్టిదే, ఇన్నాళ్లూ ఆటలాడుకున్నాననుకుంటి." ఏం జరిగిందో మొత్తం చెప్పాను. విని కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది.

తిరుపతి చేరాక యంత్రం తొడుగు విప్పి, పద్నాలుగు మందీ పాత టూత్‌బ్రష్‌లతో చిల్లులు గీకారు. గుప్పెళ్లకొద్దీ పొడి రాలింది. ఆ మీటరులోనే గాలి ఎంత ఎదురు తిరుగుతోందో కొలిచి చూపే మీట ఒకటుంది. మీటరు ఆ ఎదురును కూడా లెక్కగట్టే సమయం చూపిస్తుంది, అందుకే రెడ్డెమ్మ తొమ్మిది నిమిషాల ముప్పై ఆరు సెకన్లు నిజమే. నాకు దాని సంగతి తెలుసు. పుస్తకంలో చదివాను కూడా. తిరుపతిలో ఒక్కనాడూ నొక్కి చూడలేదు, పోటీ ముందూ నొక్కలేదు. ఇదంతా అధికారికి రెండు పేజీల నివేదికగా రాసి, పోటీ మీటరు నుంచి రాసుకొచ్చిన ఐదు వందల మీటర్ల వారీ సమయాలు జత చేశాను.

ఆయన పిలిపించారు. కాగితం చదివి, ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది మీ వ్యవహారం అన్నారు. మద్దెల ఓటిదే సార్, దాన్ని చూసుకోవలసినదాన్ని నేను అన్నాను. ఆయన పెన్ను తీసి అంకెల కింద గీతలు గీశారు. మొదటి ఐదు వందలు రెండు నిమిషాల యాభై ఎనిమిది సెకన్లు. తర్వాత రెండు ఇరవై ఆరు. తర్వాత రెండు ఇరవై మూడు. చివర రెండు పంతొమ్మిది. ఆగి, లివర్ దించుకుని, మళ్లీ మొదలుపెట్టి కూడా ప్రతి భాగమూ ముందుదానికంటే వేగం. పరుగు తెలిసిన మనిషి గదా, ఆయన ముఖం మారడం నేను చూశాను.

"అలిసిపోయిన మనిషి చివర్లో ఇలా పుంజుకోదమ్మా. మొదటిది కూడా రెండు ఇరవై ఆరులో లాగి ఉంటే తొమ్మిది నిమిషాల ముప్పై నాలుగు. ఈమె ఓడలేదు. మీరు ఓడారు."

యంత్రం తిరుపతిలోనే ఉంచమని ఫైలు మీద రాశారు. పదకొండు నుంచి పన్నెండు మహిళలకు శాశ్వతంగా కేటాయించారు. ఆ పక్కనే నా వార్షిక రహస్య నివేదికలో, అంటే మా పదోన్నతులు తేల్చే కాగితంలో, 'పరికరాల తనిఖీలో నిర్లక్ష్యం' అని చేర్చారు. నా గ్రేడ్ వన్ ఒక ఏడాది వెనక్కి పోయింది. అది న్యాయమే.

తర్వాత పన్నెండేళ్ల ఉద్యోగంలో ఎంతోమంది ఆడవాళ్లు నా దగ్గరికొచ్చి, ఇంగ నావల్ల కాదు మేడమ్ అన్నారు. కొందరి విషయంలో అది నిజమే. కానీ ముందు పరికరం కొలిచి, తర్వాత నా శిక్షణ సరిచూసుకుని, ఆ రెండూ సరిగ్గా ఉన్నాయని తేలాకే ఆ మాట ఒప్పుకునేదాన్ని. ఈ వరుస నాకు నేర్పినందుకు రెడ్డెమ్మకు ముప్పై సెకన్లు ఖర్చయ్యాయి.